విష్ణు దిగంబర పలుస్కరు: ముప్పది పైసల తపాలా బిళ్ల చెప్పు చరిత్రము

ఉత్తరముమీఁద నంటించు తపాలా బిళ్ల యెంత చిన్నదో మన విద్యార్థులందఱు నెఱుఁగుదురు. దాని వెల యల్పము. దాని పని యుత్తరము చేరుటతోఁ దీరిపోవును. అయినను ప్రభుత్వమువా రొక్కొక్కప్పు డొక మహనీయుని స్మరణార్థము ప్రత్యేకముగా నొక బిళ్లను ముద్రింపించి దేశమంతటికిని బంపుదురు. నిత్యోపయోగమునకు వలయు సామాన్యపు బిళ్లలను మాటిమాటికి ముద్రింతురు గాని, యిట్టి స్మారకపు బిళ్లను ఒకమాఱు ముద్రించి చాలింతురు. కావుననే బిళ్లలు సేకరించు బాలబాలికలు దానిని మిక్కిలి ప్రియముతో భద్రపఱచుకొందురు.

1973వ సంవత్సరము జూలై 21వ తేదీని భారత తపాలా శాఖవా రొక్క దినముననే నాలుగు స్మారక బిళ్లలను వెలువరించిరి. ఇరువది పైసల బిళ్ల వంగకవి మైకేల్ మధుసూదన దత్తుది. ఏఁబది పైసల బిళ్ల, కుష్ఠురోగమునకుఁ గారణమైన సూక్ష్మజీవిని 1873వ సంవత్సరమునఁ గనుఁగొనిన నార్వే దేశపు వైద్యుఁడు హాన్సెనుది. రూపాయి బిళ్ల, భూమియే సూర్యుని చుట్టును దిరుగుచున్నదని చాటిన కోపర్నికసుది. మిగిలిన ముప్పది పైసల బిళ్ల విష్ణు దిగంబర పలుస్కరను గాయకునిది. కవియు, వైద్యుఁడును, జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడును గూర్చున్న పంక్తిలో నొక గాయకునకుఁ జోటు దొరకుట నేఁడు మనకు వింత గాదు. ఆయన జన్మించిన కాలమున నది వింతయే. అప్పు డెంత నేర్పరియైన పాటకాఁడైనను రాజుగారి కొలువులో నొక సేవకుఁడు మాత్రమే. పెద్దమనుష్యులు తమ బిడ్డలకు సంగీతము చెప్పింపుమన్నచో వెనుదీయుచుండిరి. ఆ కాలమునకును ఈ బిళ్లకును నడుమ జరిగినదేమి? దాని కెవ రెంత వెల చెల్లించిరి? ఈ సంగతిని మా చదువరులకుఁ దెలుపఁ గోరుచున్నాము.

విష్ణువు 1872వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీని మహారాష్ట్రమునందలి కురుంద్‌వాడ్ అను చిన్న సంస్థానమున జన్మించెను. ఆ యూరికిఁ జేరువనే పంచగంగ కృష్ణానదిలోఁ గలియుచున్నది. మన తెలుఁగు నేలను దడుపుచు విజయవాడ ప్రక్కగాఁ బాఱి సముద్రముఁ జేరు కృష్ణవేణియే యది. తండ్రి దిగంబర గోపాల పలుస్కరు కీర్తనకారుఁడు. మహారాష్ట్రుల కీర్తనము మన హరికథ వంటిది. భగవత్కథను పాటతోడను మాటతోడను జెప్పి జనులను రంజింపఁజేయుట యా వృత్తి. ఆ కుటుంబమువారి మొదటి యింటిపేరు గాడ్గిలు. పలుస్ అను గ్రామమునుండి వచ్చినవారగుటచేఁ బలుస్కరులని పిలువఁబడిరి.

బాలుఁడు ఊరి పాఠశాలలోఁ జదువుకొనుచుండఁగా దత్తజయంతి పండుగ వచ్చెను. సమీపముననున్న నరసోబావాడి క్షేత్రమున నా యుత్సవము గొప్పగా జరుగును. అందు బాణసంచా కాల్చునప్పు డొక టపాకాయ బాలుని ముఖముచెంతనే ప్రేలి రెండు కన్నులకును గాయము చేసెను. తక్షణము వైద్యము చేయుటకుఁ దగినవా రా చిన్న యూర లేకపోయిరి. తరువాతఁ గొంత చూపు మఱలెను గాని, పుస్తకము పట్టి చదువుకొను భాగ్యము మాత్ర మా బాలునకుఁ దప్పిపోయెను. చదువుతోఁ గొలువు సంపాదించుకొను త్రోవ మూసికొనిపోయెను.

చికిత్స కొఱకు బాలుని మిరజు పట్టణమునకుఁ దీసికొనిపోయిరి. అక్కడి వైద్యుఁ డతని కన్నులను బరీక్షించుటతోఁ దృప్తి నొందక యతని కంఠమునందలి మాధుర్యమును గూడఁ గనిపెట్టి, యీ పిల్లవానికి సంగీతము నేర్పింపుఁడని తండ్రికి హితము చెప్పెను. మిరజు సంస్థానాధీశుఁ డాదరము చూపెను. ఆ యూరనే బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకరు అను సుప్రసిద్ధ గాయకుఁ డుండెను. విష్ణువు ఆయనకు శిష్యుఁడయ్యెను.

ఆ గురువునుగుఱించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఖయాలు గానమునకు గ్వాలియరు నగరము పుట్టినిల్లు వంటిది. అచ్చటి హద్దూఖాను, హస్సూఖాను అను సోదరుల గానము దేశప్రసిద్ధము. వారి సంప్రదాయమును వాసుదేవబువా జోషీ యొద్ద బహుకష్టములు పడి నేర్చి, దానిని మహారాష్ట్రమునకుఁ దెచ్చిన ఘనత బాలకృష్ణబువాది. ఆ కాలమున విద్య యిట్లే యొకరినుండి యొకరికి, ఎదుటఁ గూర్చుండి వినుటచేతనే చేరుచుండెను. వ్రాసికొనుటకుఁ బుస్తకము లేదు. ఇంత కాలములో నింత నేర్పవలెనను నియమమును లేదు. శిష్యుఁడు గురువునింట నీళ్లు మోసి, పనులు చేసి, గురువునకుఁ బ్రసన్నత కలిగినప్పుడు నేర్చుకొనవలెను. కొందఱు గురువులు అపూర్వమైన కృతులను దమ కుమారులకుఁ దప్ప నితరులకుఁ జెప్పక దాఁచుకొనుటయుఁ గలదు. విద్యయే వారి జీవనాధార మగుటచే నది వట్టి లోభమని మే మనఁజాలము. కాని, దాఁచిన విద్య దాఁచినవానితోనే మాయమగునన్న మాటయు నంతే నిజము.

విష్ణువు పెక్కేండ్లు శ్రద్ధతో సాధనచేసి గట్టి గాయకుఁడయ్యెను. అప్పుడు జరిగిన యొక సంగతి యతని జీవితమును మలుపు త్రిప్పినదని యతని చరిత్రకారులు చెప్పుదురు. పట్టణమున నొక సభ జరుగఁగా విష్ణువునకుఁ బిలుపు వచ్చెను. అతని గురువునకు రాలేదు. కారణ మడుగఁగా, వారు పాటకాండ్రు గదా, వారిని బిలుచుట యేల యన్న భావము గల ప్రత్యుత్తరము వచ్చెనఁట. ప్రభువుల యాదరమున్న శిష్యునకు గౌరవము. ఆ విద్య నిచ్చిన గురువునకు గౌరవములేమి! ఈ మాట యువకుని హృదయమున ముల్లువలె నాటుకొనెను. తాను గొప్ప గాయకుఁడైనంతమాత్రమున నీ యవమానము తీఱదనియు, గాయకజాతికే గౌరవము కలుగు నుపాయ మేదైన వెదకవలెననియు నిశ్చయించుకొని, 1896వ సంవత్సరమున మిరజును, అందలి రాజాశ్రయమును విడిచి బయలుదేఱెను. అప్పటి కతనికి నిరువది నాలుగేండ్లు.

బరోడా, సౌరాష్ట్రము, గ్వాలియరు, మధుర, ఢిల్లీ మొదలగు తావు లతఁడు తిరిగెను. గ్వాలియరున దన సంప్రదాయమునకు మూలమైన గానమును విని, మధురలో వ్రజభాష నేర్చుకొనెను; ఉత్తరదేశపుఁ గృతులలోఁ బెక్కు లా భాషయందే యున్నవి. ఈ ప్రయాణమున నతఁడు చేసిన యొక క్రొత్తపని చెప్పఁదగినది. రాజుల భవనములందును ధనికుల యిండ్లయందును మాత్రమే వినఁబడు పెద్దపాటను, స్వల్పమైన రుసుము పెట్టి, ఎవరైనను వచ్చి వినునట్లు బహిరంగసభలో వినిపించెను. నేఁడు టిక్కెట్టు కొని కచ్చేరి వినుట సామాన్యము. ఆనాఁ డది సాహసము. ప్రభువు మెచ్చి యిచ్చిన బహుమానముమీఁద గాక, సామాన్యు లిచ్చిన చిన్న నాణెములమీఁద గాయకుఁడు బ్రదుకఁగలఁడని యందు ఋజువయ్యెను.

పిమ్మట నతఁడు పంజాబునకుఁ బోయి, నేఁడు పాకిస్తాను దేశముననున్న లాహోరు నగరమున 1901వ సంవత్సరము మే 5వ తేదీని గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించెను. ఏ రాజునకును లోఁబడక, ప్రజల చందాలతోడను విద్యార్థుల జీతములతోడను గచ్చేరుల రాబడితోడను నడచిన సంగీత పాఠశాలలలో నిది మన దేశమున మొదటివానిలోఁ జేరినది. అక్కడ తరగతులుండెను, పాఠముల క్రమముండెను, పరీక్షలుండెను. కుల మేదని యడుగక, కోరి వచ్చినవారినెల్ల జేర్చుకొనిరి. ఇతర పాఠశాలలలో గణితమును వ్యాకరణమును నేర్పినట్లే యిందు సంగీతమును వేళ తప్పక నేర్పుచుండిరి. మన విద్యార్థులకు గంట కొట్టఁగనే తరగతికిఁ బోవుట యలవాటు. సంగీతమునకు గంట కొట్టించినవారిలో మొదటివాఁడు పలుస్కరని యనవచ్చును.

ఇందులకు ముఖ్యసాధనము స్వరలిపి. పాటను జెవితోనే గాక కంటితోఁ గూడఁ బట్టుకొనునట్లు చేయుట దీని ప్రయోజనము. ప్రతి స్వరమునకు నది యే స్థాయిలోనిదో తెలుపు గుఱు తొకటి, ఎన్ని మాత్రల కాలము నిలువవలెనో తెలుపు గుఱు తొకటి యేర్పఱచి, వానితోఁ బాటను అక్షరముల క్రింద వ్రాయుదురు. పలుస్కరు తన స్వంత పద్ధతి నొకదాని నేర్పఱచి, దానితో సంగీత బాలప్రకాశము, రాగప్రవేశము మొదలగు పాఠ్యపుస్తకములను వరుసగాఁ బ్రకటించెను. ఇట్టి ప్రయత్నము లా దినములలో దక్షిణదేశమునను జరుగుచుండెను. సుబ్బరామ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904వ సంవత్సరమున నెట్టయాపురమునందుఁ దెలుఁగుననే యచ్చయినది. మఱియు ఉత్తరదేశముననే విష్ణు నారాయణ భాత్‌ఖండే వేఱొక స్వరలిపిని గల్పించి, శాస్త్రవిచారమునకు దన జీవితమును ధారపోసెను. ఈ యిరువురు విష్ణువుల మార్గములు వేఱు. అభిప్రాయములందును బొత్తు లేకుండెను. కాని, విద్యను బదిమందికిఁ బంచవలెనన్న విషయమున మాత్ర మిరువురి గమ్య మొక్కటియే.

పుస్తకమునఁ జూచి పాట నేర్చుకొన్నవాఁడు గాయకుఁడగునా యని పెద్ద విద్వాంసు లాక్షేపించిరి. ఆ యాక్షేపణ యంతయు నవివేకము గాదు. గమకమునందలి సూక్ష్మములును, గొంతులోని భావమును గాగితముమీఁదికి రావు. తరగతిలో నేర్చినవారందఱు గొప్ప గాయకులు కాలేదు. మఱియు పలుస్కరు శృంగారపుఁ బదములను మాని భక్తిపరమైన మాటలనే మెండుగాఁ బ్రచారము చేయుటచేఁ బ్రాఁతపాటలలోఁ గొన్నింటికి లోటు కలిగెనని చెప్పువారును గలరు. తరతరములుగా నా విద్యను గాపాడిన ఉస్తాదులకును, పాటయే వృత్తిగాఁ గల స్త్రీలకును ఈ క్రొత్త పాఠశాలలలోఁ దగిన స్థానము దొరకలేదన్న విమర్శయు నున్నది. ఈ మాటలను మఱుఁగుపఱచుట న్యాయము గాదు. అయినను గొప్ప గాయకులను మాత్రమే తయారుచేయుట పాఠశాలకుఁ బని గాదు. పాట విని యందలి మంచిచెడ్డలు తెలిసికొనఁగల సామాన్యులను వేలకొలఁది తయారుచేయుటయుఁ బనియే. ఆ పనిలోఁ బలుస్కరు కృతకృత్యుఁడయ్యెను.

1908వ సంవత్సరమున బొంబాయిలో విద్యాలయమునకు శాఖ యేర్పడెను. క్రమముగా నదియే ప్రధానస్థానమయ్యెను. ఉద్యోగులును గృహస్థులును వచ్చి నేర్చుకొనిరి. గౌరవకుటుంబముల స్త్రీలు పాడుట తప్పని యెంచు కాలమున స్త్రీలకును సంగీతము నేర్పిరి. అన్నిటికంటె ముఖ్యమైనది ఉపదేశక వర్గము. బోధకులు కాఁదలఁచిన యువకులను జేర్చుకొని, భోజనము వసతి యిచ్చి, తొమ్మిదేండ్లు విద్య నేర్పి, బోధకులుగాఁ బంపుట దాని పద్ధతి. వారి కన్నవస్త్రములు సమకూర్చు భారము గురువుదే. శిష్యుఁడు గురువునింటికి నీళ్లు మోయు కాలమున నీ గురువే శిష్యుల యన్నము కొఱకు ఊరూరఁ దిరిగి పాడుచుండెను.

విద్యాలయమునకును వసతిగృహమునకును స్వంత భవనములు కావలసివచ్చెను. పలుస్కరు అప్పుచేసి కట్టించి, కచ్చేరుల రాబడితోఁ దీర్పవచ్చునని తలఁచెను. తాను జేసిన యప్పు తీర్చుటకుఁ దానే పాడవలెను. తాను పాడఁబోయినచో విద్యాలయమును జూచువారు లేరు. ఇట్లు రెండు కొఱవుల నడుమఁ జిక్కిన చీమవలె నతని స్థితి యుండెను.

ఈ చిక్కులలో నుండఁగానే యతఁడు మన తెలుఁగుదేశమునకు వచ్చెను. 1923వ సంవత్సరము డిసెంబరు నెలలోఁ గాకినాడ పట్టణమున జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగినది. మౌలానా మహమ్మదలీగా రధ్యక్షులు. మహాసభలలో వందేమాతర గీతమును బాడుట పలుస్కరున కలవాటు. కాకినాడలో నతఁడు పాడఁబోఁగా, సభలో సంగీతము తమ మతమర్యాదకు సరిపడదని యధ్యక్షు లభ్యంతరము చెప్పిరి. ఇది యే యొక్క మతమువారి ప్రార్థనాస్థలము గాదనియు, జాతికంతటికిఁ జెందిన సభ యనియుఁ బలుస్కరు సమాధానము చెప్పి, గీతమును దుదముట్టఁ బాడి కూర్చుండెను. ఇరువురును దమతమ యంతరాత్మల ననుసరించి నడచిన పెద్దలే. పలుస్కరు పాడిన విద్య గ్వాలియరునందలి ముసల్మాను గాయకుల యనుగ్రహమున నతనికిఁ జేరినదను సంగతిని మనము మఱువరాదు. సంగీతము సభలోఁ దలయెత్తి నిలువఁదగినదని యతఁడు నమ్మెను. అధ్యక్షుని యెదుటనైనను నా నమ్మకమును విడువలేదు. మిరజులో నాటిన ముల్లు కాకినాడలోఁ గూడ నతని హృదయమున నుండెనని మేము తలఁచెదము.

మఱుసటి సంవత్సరము, అనఁగా 1924లో, ఋణదాతలు న్యాయస్థానము నాశ్రయింపఁగా బొంబాయిలోని విద్యాలయభవనము వేలములోఁ బోయెను. ఇరువదేండ్లకుఁ బైగాఁ బాడి కూడఁబెట్టిన దంతయు నొక్క తాఖీదుతో నన్యాక్రాంతమయ్యెను. అంతకుముందే యింటిలో నంతకంటెఁ బెద్ద దుఃఖము లతనికిఁ గలిగియుండెను. పుట్టిన పండ్రెండుగురు బిడ్డలలోఁ బదునొకండుగురు చిన్ననాఁడే గతించిరి. 1921వ సంవత్సరమునఁ బుట్టిన దత్తాత్రేయుఁ డొక్కఁడే మిగిలెను. పలుస్కరు నాసికు పట్టణముఁ జేరి, యచ్చట నాశ్రమ మేర్పఱచుకొని, రామనామ సంకీర్తనమునఁ గాలము గడపెను. దేశమంతటను బాడఁబడు రఘుపతి రాఘవ రాజారాం అను భజనకుఁ బ్రచారములోనున్న వరుస యతని దందురు. 1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహయాత్రలో గాంధిమహాత్ముని వెంట నడచినవారిలోఁ బలుస్కరు శిష్యుఁడగు నారాయణ మోరేశ్వర ఖరే యొకఁడు. సాబర్మతి యాశ్రమమున భజనలు నడపిన పండితుఁ డాయనయే. 1931వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీని, దాను విద్య నేర్చిన మిరజులోనే పలుస్కరు దేహము చాలించెను. అప్పటి కేఁబదితొమ్మిదేండ్లు నిండి మూఁడు దినము లయ్యెను.

చూచువారి కది యోటమివలె నుండెను. భవనము లేదు, ధనము లేదు, కుమారునకుఁ బదియేండ్లు. తండ్రి విద్యను దండ్రియొద్దనే సాంతముగా నేర్చుకొను నవకాశ మా బాలునకు దొరకలేదు. ప్రాఁతకాలపు మర్యాద ననుసరించి పలుస్కరు విద్యను గుమారుని కొఱకే దాఁచియుంచినచో, నా విద్య యానాఁడే యంతరించియుండును. అట్లు కాలేదు. తండ్రి పదిమందికిఁ బంచిపెట్టిన విద్యను ఆ పదిమందిలోని వినాయకరావు పట్వర్ధను, నారాయణరావు వ్యాసు అను శిష్యులు గురుపుత్రునకు మఱల నప్పగించిరి. దత్తాత్రేయ విష్ణు పలుస్కరు 1955వ సంవత్సరమున ముప్పదినాలుగేండ్ల చిఱుతప్రాయముననే మరణించినను, అప్పటికే దేశమున నగ్రశ్రేణి గాయకులలో నొకఁడై యుండెను. ఇచ్చిన విద్య తఱుగదని మన పెద్దలు చెప్పుట కింతకంటె నిదర్శన మేమి కావలెను?

తక్కిన శిష్యులును గురువు పనిని విడువలేదు. ఆయన గతించిన సంవత్సరముననే గాంధర్వ మహావిద్యాలయ మండలముగా నేర్పడిరి. ఆ మండలము పరీక్షలు నడపుచు నేఁటికిని బని చేయుచున్నది. పట్వర్ధను 1932లోఁ బూనాయందు విద్యాలయమును స్థాపించెను. ఓంకారనాథ ఠాకూరు మహాగాయకుఁడై, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున సంగీతశాఖకు మొదటి యధిపతి యయ్యెను. దేవధరు బొంబాయిలోఁ బాఠశాల పెట్టి గొప్పశిష్యులను దయారుచేసెను. వేలములోఁ బోయిన దొక్క భవనము. ఆ భవనమునుండి వెడలినవారు కట్టినవి యెన్నియో.

ఇఁక బిళ్లమాట. 1961వ సంవత్సరముననే మన త్యాగరాజస్వామికిని, భాత్‌ఖండేకును దపాలా శాఖవారు స్మారక బిళ్లలు వెలువరించియుండిరి. పలుస్కరు శతజయంతి స్మారకముగా వెలువడిన బిళ్ల వారి తరువాతిది. ఆ దినములలో మన దేశపు తపాలా బిళ్ల లచ్చగు చోటు నాసికునందలి ప్రభుత్వ ముద్రణాలయము. సర్వస్వమును గోల్పోయి యే యూరఁ దలదాఁచుకొనెనో, యా యూరనే యతని స్మారకపు బిళ్ల ముద్రితమై దేశమునందలి పల్లెపల్లెకుఁ బోయినది. గురువునకు సభలోఁ బిలుపు లేదని నొచ్చుకొన్న శిష్యునకు, మనుష్యుఁ డుత్తరము వ్రాసికొనుచోట నెల్లఁ బిలుపు వచ్చినది.

విద్యార్థులారా! మీ రీ బిళ్ల నెప్పుడైన సంపాదించినచో దాని ప్రక్కను గోపర్నికసును, హాన్సెనును, మధుసూదనదత్తును జేర్చి యంటించుకొనుఁడు. ఆ నలువురు నొక్క దినమున వెలువడినవారు. మఱియు మీకుఁ బాట నేర్పు పంతులుగారిని గాని పంతులమ్మగారిని గాని తక్కిన బోధకులతో సమానముగా గౌరవింపుఁడు. తల్లిదండ్రులును దమ బిడ్డలు పాడఁబూనినప్పుడు వలదని యడ్డుపెట్టకుందురుగాక. మీరు నేర్చిన పాట చిన్నదైనను, మీకంటెఁ జిన్నవారి కొక్కరికైనను నేర్పుఁడు. పలుస్కరు చేసినది యింతే. కాని జీవితమంతయుఁ జేసెను.